రానున్న దుఃఖము

బీదరు జిల్లా ఔరాదు తాలూకాలోని చింతకి తెలంగాణ సరిహద్దునకు సమీపమున నున్న గ్రామము. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజ్యము భాషలవారిగా విడిపోయినప్పుడు బీదరు జిల్లాయు మూడు పాళ్లయ్యెను. నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములు తెలుగువారి రాష్ట్రమునకును, ఉద్గీరు, నీలంగా, అహమ్మదుపూరు తాలూకాలు మరాఠీవారి వైపునకును పోగా, తక్కినది మైసూరు రాష్ట్రమున గలిసెను. గీత పటముపై బడినను వియ్యములు తెగలేదు. అత్త కన్నడమున బిలిచిన కోడలు తెలుగున బలుకును; అంగడిలో నిద్దఱును ఉర్దూ మాటలు కలిపి బేరమాడుదురు; తొలికాన్పునకు మాత్రము కోడలు తాను పుట్టి మాటలు నేర్చిన యూరికే పోవును. నా మేనకోడలును అట్లే మెట్టినిల్లగు చింతకి నుండి పుట్టింటికి వచ్చి, సమీపపట్టణమందలి యొక యాసుపత్రిలో మగబిడ్డను గనెను. కడుపు కోసి బిడ్డను దీయు, మా పల్లెలవారు 'పెద్దాపరేషన్' అను రీతి కాన్పు అది.

పదునొకండవ నాడు చూడబోతిని. గోడవార మంచముపై, నడుమునకు పాతచీర బిగించి, చెవులు మూయునట్లు తలకు రుమాలు చుట్టుకొని, వామునీళ్ల గ్లాసు చేతబట్టుకొని కూర్చుండెను. కుట్లను గూర్చి చెప్పునేమో యనుకొంటిని. ఆమె చెప్పినది వేఱు. "నడుముల సూది ఇచ్చిండ్రు మామా. కాళ్లు మొద్దువారినయ్, నొప్పి అసలే తెల్వలె. గని అంతల్నే కడుపుల తిప్పుడు షురువైంది. ఇగ ఒక్కటే కక్కుడు. పోరన్ని తెచ్చి నా మొఖంకాడ వట్టిరు, నేను అటు దిరిగి కక్కుతున్న. మూతి తుడ్సుకొని ఇటు దిరిగేసరికి వాన్ని తీస్కపోయిండ్రు." కన్నీరు పెట్టుకొనకయే, జరిగినది జరిగినట్లు చెప్పి, వామునీళ్లు త్రాగెను. మనుమని జూడవచ్చి ప్రక్కనే కూర్చున్న వియ్యపురాలు, చెడ్డ మనసుతో గాదు గాని, "తల్లయ్యెటప్పుడు గింత గూడ వడకుంటె ఎట్ల బిడ్డా, మేము వడలేదా?" యనెను.

ఆనాటి నుండి యొక ప్రశ్న నన్ను వదలలేదు. ప్రసవవేళ స్త్రీ పడు క్లేశములలో మాతృత్వమునకు సహజమైన మూల్యమేది, మనుష్యుల యలక్ష్యమువలన గలుగునదేది? ప్రాణము తీయనిదియు, అవయవము చెఱుపనిదియు, మఱునాటికి మఱచిపోవుదురని యెల్లరును జెప్పునదియు నగు నీ యోకరింతను ముందుగనే తొలగించుట వైద్యుని దయకు సంబంధించినదా, ధర్మమునకు సంబంధించినదా? చూచుట కల్పముగా గన్పట్టు ఈ ప్రశ్న లోపల, దుఃఖమునకు విలువ గలదా యను పెద్ద ప్రశ్న దాగియున్నది.

ఆ వియ్యపురాలి మాటను ముందుగా గౌరవముతో విచారింపవలయును. ఆమె యాఱుగురిని ఇంటిలోనే, మంత్రసాని చేతిమీద గని, ఇద్దఱిని పోగొట్టుకొన్న యిల్లాలు. ఆమె పడినదానిని పంచుకొన్నవారు లేరు; పడినదానికి విలువ గలదను నమ్మకము గూడ లేకున్న ఆ బ్రదుకు భరింపరానిదై యుండును. కావున "మేము వడలేదా" యను మాటలో కాఠిన్యమును గాక, ఎన్నడును ఎవరును ఊఱడింపని యొక పాతబాధను నేను విందును. అయినను, తాను పొందిన నగను కోడలి కిచ్చినట్లు తాను పొందిన బాధను గూడ ఇచ్చిపోవుట వంశాచారము కాజాలదు.

బాధను తపస్సుగా భావించుట మన దేశమున చిరకాలముగా నున్నది. అయితే తపస్సు స్వీకరింపబడునది. మఱియొకరు నెత్తిన మోపునది తపస్సు కాదు. ఏకాదశినాడు అన్నము మానినవాడు వ్రతి, అన్నము దొరకక మానినవాడు దరిద్రుడు. ఇద్దఱి కడుపును ఒక్కటే కాలినను మొదటివానికి గల పుణ్యమును రెండవవానికి అంటగట్టి యూరకుండువాడు పాపము చేయుచున్నాడు. భగవద్గీత పదునేడవ యధ్యాయమున, తపస్సునందును మూడు తెఱగులు చెప్పి, మూఢమగు పట్టుదలతో దేహమును హింసించుకొనుటను తామసమని త్రోసివేసినది. తానై కోరి చేసికొన్న హింసయే తామసమైనప్పుడు, కోరకయే, ఫలమేమియు లేకయే, తెఱ వెనుక బల్లపై చేతులు చాచి పరుండిన స్త్రీకి గలిగిన వాంతిని మాతృత్వపు తపస్సని పేరు పెట్టుట మాటను మైలపఱచుటయే యగును.

ఈ తర్కము మన సొత్తు మాత్రమే కాదు. 1847లో ఎడింబరో నగరమున జేమ్సు యంగ్ సింప్సన్ అను వైద్యుడు ప్రసవవేదనకు ఈథరును, పిమ్మట క్లోరోఫారమును వాడినప్పుడు, స్త్రీ వేదనతో బిడ్డలను గనునని బైబిలు తొలికాండమున నున్న శాపమును జూపి యాక్షేపించినవారు గలరు. అతడు ఆ సంవత్సరమే ప్రత్యుత్తరముగా నొక చిన్నపుస్తకము వ్రాసి, ఆదాము ప్రక్కటెముకను దీయుటకు ముందు దేవుడు వానికి గాఢనిద్ర కలిగించుటను అదే గ్రంథమునుండి యెత్తిచూపెను. ఆఱేండ్లకు, 1853లో, విక్టోరియా రాణి తన యెనిమిదవ కాన్పున క్లోరోఫారము గైకొనెను. నూఱేండ్లు గడచిన మీదట 1957లో పన్నెండవ పయస్ పోపు మత్తువైద్యులతో మాటలాడుచు, బాధ నుండి యుపశమనము పొందుట క్రైస్తవునకు నిషిద్ధము కాదని స్పష్టముగా జెప్పెను. ఇట్లు పెద్దవేదనను గూర్చిన వివాదము ముగిసినది. చిన్నబాధలను గూర్చి వివాదమే పుట్టలేదు. అవి తలంపునకే రాకపోవుట దానికి గారణము.

మన దర్శనములలో ఈ విషయమునకు మిక్కిలి చేరువగా వచ్చినది పతంజలి యోగసూత్రము. సాధనపాదమున ఆయన, పరిహరింపదగినది రానున్న దుఃఖమే యని చెప్పెను. వ్యాసభాష్యము దీనిని విప్పుచు, గడచిన దుఃఖము అనుభవముచే తీరిపోయినది గనుకను, ఇప్పుడున్నది ఈ క్షణమందే యనుభవింపబడుచున్నది గనుకను, తప్పింపవీలైనది ఇంకను రానిది మాత్రమే యని వివరించినది. ఆ మహర్షి దృష్టి సంసారబంధముపై నున్నదని యెఱుగుదును. శస్త్రచికిత్సాలయము ఆయన మనసులో లేదు. కాని అదే భాష్యము యోగశాస్త్రమును వైద్యశాస్త్రముతో బోల్చి, రోగము, రోగహేతువు, ఆరోగ్యము, ఔషధము అను నాలుగంగములను తనలోనికి దెచ్చుకొన్నది. వైద్యమునుండి అరువు దెచ్చుకొన్న తత్త్వమును నేడు వైద్యమునకే తిరిగి యిచ్చుటలో అపచారము గానరాదు. వాంతి వచ్చిన పిమ్మట పళ్లెము పట్టుట గడచుచున్న దుఃఖమునకు జేయు సేవ. సూదికి ముందే దానిని దలచి యేర్పాటు చేయుట రానున్న దుఃఖమును పరిహరించుట. మేనకోడలికి మొదటిది దొరికినది.

ఆ భాష్యమందే, దీనికి ముందటి సూత్రము క్రింద, ఇంకొక యుపమానము గలదు. ఉన్నిపోగు చేతిపై బడిన తెలియను గూడ తెలియదు, కంటిలో బడిన బాధించును. అట్లే సామాన్యులకు దుఃఖముగా దోచనిది కనుగ్రుడ్డువంటి యోగిని బాధించునట. ఇది చదివినప్పుడెల్ల నాకు మంచి మత్తువైద్యుడు స్ఫురించును. తెఱకు అవతల పొట్టను జూచువారికి స్త్రీముఖము కనబడదు. ఆమె తలదాపున నిలుచుండువాడు ఆ వైద్యు డొక్కడే. పెదవులు పాలిపోవుట, ఆవులింత, నోట నీరూరుట, "ఏమో ఎట్లనో అయితుంది" యను సన్నని మాట, ఇవన్నియు ఉన్నిపోగులు. చేయివంటివాడు వాంతి యయిన పిమ్మట దెలిసికొనును. కన్నువంటివాడు ఆవులింతయందే దెలిసికొనును.

ఇంతకు నీ వాంతి ఎందువలన గలుగుచున్నది? నడుము క్రింద కటిపూసల నడుమ సన్నని సూదిని పోనిచ్చి, వెన్నుద్రవమున బ్యుపివకెయిన్ అను మందును ఇంచుమించు రెండు మిల్లీలీటర్లు కలిపినచో, కొలది నిమిషములలో నొప్పిని దెలుపు నరములు నిద్రించును. నొప్పినరములతోపాటు రక్తనాళముల గోడలను బిగువుగా బట్టియుంచు నరములును నిద్రించును. నాళములు సడలి, రక్తము కాళ్లలో నిలిచి, రక్తపుపోటు తటాలున బడును. వెల్లకిల పరుండినప్పుడు నిండుగర్భము పెద్దసిరను నొక్కుటచే గుండెకు మరలు రక్తము ఇంకను తగ్గును. మెదడునకు చాలినంత రక్తము చేరని ఆ నిమిషమున మొదట కడుపున తిప్పుట, పిదప వాంతి. అనగా ఈ మొదటి వాంతి జీర్ణకోశము చేయు తప్పు గాదు. మెదడు చేయు మొఱ. బిడ్డ వెలువడిన పిమ్మట గర్భాశయము ముడుచుకొనుటకై యిచ్చు ఆక్సిటోసిన్ మందును ఒక్కసారిగా నెక్కించినను పోటు పడును; రక్తస్రావము ఆపుటకు వాడు మిథైల్ ఎర్గోమెట్రిన్, కార్బోప్రోస్ట్ అనునవి ప్రాణరక్షకములే యైనను తమంతట తామే వాంతి తెప్పించును. గర్భాశయమును పొట్ట వెలుపలకు దీసి కుట్టుట, లోపలి పొరను లాగుట మఱియొక కారణము. తర్వాతి గంటలలో నొప్పి లేకుండుటకై వెన్నులో మార్ఫిన్ కలిపిన, అదియు వికారమును, దురదను గలిగించును.

ఈ వెన్నుమత్తునకు వాంతి పుట్టినప్పటినుండియు తోడుగ నున్నది. 1898 ఆగస్టులో జర్మనీదేశమందలి కీల్ నగరమున ఆగస్టు బీర్ అను శస్త్రవైద్యుడు దీనిని తొలుత రోగులపై నుపయోగింపగా, శస్త్రబాధ పోయినను, పిమ్మట కొందఱికి తలనొప్పియు, వాంతులును గలిగెను. కారణ మెఱుగగోరి ఆయనయు, సహాయకుడు హిల్డెబ్రాంటును ఒకరి వెన్నున నొకరు సూది గ్రుచ్చుకొనిరి. సహాయకునికి ఆ రాత్రి వాంతులయ్యెను, బీర్ దొర తొమ్మిది దినములు తల యెత్తలేక పరుండెను. రోగి బాధను ఎఱుగుటకు ఆ బాధను తన యొంటిపైకి దెచ్చుకొన్న వైద్యుని జూచినప్పుడు, ఆ ప్రయోగపు గరకుదనము నటుంచి, ఆ బుద్ధికి నమస్కరింప బుద్ధిపుట్టును.

కారణము దెలిసినచోట మార్గమును దెలియును. చికిత్స నంతయు నొక్కమాటలో జెప్పవలసివచ్చిన, నిదానపరివర్జనము, అనగా కారణమును తొలగించుటయే యని సుశ్రుతుడు చెప్పినది ఇట నక్షరాల నిజమగుచున్నది. కుడితుంటి క్రింద మెత్త నుంచి గర్భిణిని కొంచెము ఎడమకు వాల్చుదురు. సూది వేయుచుండగనే సెలైనును వేగముగా నెక్కింతురు. పోటు పడువఱకు వేచియుండక ఫినైలెఫ్రిన్ వంటి నాళములను బిగించు మందును మొదటినుండియే చుక్కలుగా నిత్తురు. 2018లో వెలువడిన అంతర్జాతీయ వైద్యుల ఏకాభిప్రాయపత్రము, పై పోటు తల్లికి మొదట నున్నదానిలో నూటికి తొంబది పాళ్లకు తగ్గకుండ చూడవలయునని విధించినది. నా యెఱుకలో, వాంతిమందులకన్న ముందుగా వాంతిని ఆపునది ఇదియే. సీసాలో మందు లేకున్నను, వేలు నాడిపై నుండి, కన్ను పోటుయంత్రముపై నున్నచాలు సగము పని యగును.

ఇచ్చట నొక శాస్త్రీయమైన శంక రావచ్చును. చరకసంహిత సూత్రస్థానమున వేగములను ఆపరాదను నధ్యాయము గలదు. అందు పదుమూడు వేగములలో వాంతియు నొకటి. దానిని బలిమిని అడచినచో దద్దురులు, అరుచి, జ్వరము మొదలగు వికారములు గలుగునని చెప్పబడినది. అట్లయిన నీ నివారణ ప్రకృతివిరుద్ధము కాదా? మా గ్రామవైద్యు డొకడు నన్నీ ప్రశ్న నిజముగనే యడిగెను. కొంచెము నిదానించి చూచిన విధినిషేధముల రెంటికిని విరోధము లేదు. చరకుడు వలదన్నది పుట్టిన వేగమును బిగబట్టుట. వేగము పుట్టకుండ కారణమును మాన్పుట యాతనికిని సమ్మతమే. చెడిన యన్నము తిన్నవాని వాంతి దేహము చేసికొను శుద్ధి, దానిని ఆపరాదు. వెన్నుమత్తు వాంతిలో బయటికి బోవలసిన దోష మేదియు లేదు. ఆఱుగంటలుగా ఏమియు తినని కడుపు ఊరక ముడుచుకొని, పచ్చని పసరు మాత్రమే వెలిగ్రక్కును. పైగా పొట్ట తెఱచియున్న వేళ ఒక్కొక్క యోకరింతకు ప్రేగులు పైకి పొంగి, శస్త్రవైద్యుని చేయి ఆగవలసి వచ్చును. దేహము మేలు చేసికొనుచున్నదా, మొఱపెట్టుచున్నదా యని దెలిసికొనుటయే వైద్యవివేకము.

సాంఖ్యు డింకొక విధముగా నడ్డుపడును. ఈశ్వరకృష్ణుని కారికలు దుఃఖత్రయము తాకిడిని జెప్పియే మొదలగును. వెంటనే, మందులవంటి లౌకికోపాయము లుండగా తత్త్వజిజ్ఞాస ఏల యను ప్రశ్నను తామే వేసికొని, ఆ యుపాయములకు నిశ్చయమును లేదు, శాశ్వతత్వమును లేదు గనుక చాలవని త్రోసిపుచ్చును. ఇంటిముందరి జిల్లేడుననే తేనె దొరకిన కొండకేల యను లౌకికన్యాయమును వాచస్పతిమిశ్రు డిచ్చటనే యుదాహరించెను. సాంఖ్యుని మాట నిజము. ఓండాన్సెట్రాన్, డెక్సామెథాసోన్, మెటోక్లోప్రమైడ్ అను వాంతిమందులలో ఏ యొక్కటియు అందఱికిని పనిచేయదు. రెంటిని గలిపిన నొక్కదానికన్న మేలు, అయినను కొందఱికి వాంతి గాకపోదు. మణికట్టునకు మూడువ్రేళ్ల పైన, రెండు స్నాయువుల నడుమ నొక్కిపట్టు చైనాదేశపు పద్ధతి గూడ కొంత యూరట నిచ్చునని పరిశోధకులు గమనించిరి; అదియు కొంతయే. ఇదంతయు నొప్పుకొని నేను చెప్పునది, నిశ్చయము లేని యుపాయమును మోక్షమునకు జాలదని విడిచిన తాత్త్వికుడు, బల్లపైనున్న స్త్రీకి జాలదని విడుచుటకు మనకు అనుమతి యీయలేదని. జిల్లేటితేనె కొంచెమే యైనను అది తేనెయే.

నిశ్చయమును గూర్చి మా హైదరాబాదు రాజ్యమే యొకప్పుడు లోకమునకు పాఠము నేర్పినది. చింతకియు నిజాము నేలలోనే యున్న ఆ కాలమున, 1888లోను, 1889లోను, ఆఱవ నిజాము ధనసహాయముతో ఎడ్వర్డు లారీ అను దొర రెండు క్లోరోఫారము కమీషనులను నడిపెను. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ పండితుడు వచ్చెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి, ఊపిరిని గనిపెట్టియున్నచో క్లోరోఫారము గుండెకు హాని చేయదని ఘంటాపథముగా జాటిరి. 1911లో లేవీ యను నతడు, ఆ మందు కొంచెముగా నిచ్చినను గుండె లయదప్పి యాగిపోవచ్చునని ప్రయోగపూర్వకముగా జూపెను. అంత శ్రమ, అంత ధనము, అంత చిత్తశుద్ధి యుండియు తప్పినది వారి నిశ్చయము. ఆ చోటనే, ఆ కాలముననే రూపాబాయి ఫర్దూంజీ యను పార్సీ వనిత క్లోరోఫారము నిచ్చుట నేర్చి, మత్తువైద్యమున బేరొందిన తొలి స్త్రీలలో నొకతె యయ్యెను. ఆమెను దలచుకొన్నప్పుడు ఆ కమీషనుల కథ నాకు అంత విషాదముగా దోచదు.

వాంతి యనగనే మనకు గలుగు జుగుప్సను గూర్చి యొకమాట చెప్పకున్న ఈ విచారము పూర్తి గాదు. మేనకోడలు, తాను అంతమంది యెదుట, గుడ్డలు సగము తొలగి యుండగా కక్కితినని, శుభమగు గడియను మైల చేసితినని సిగ్గుపడెను. బాధకన్న ఆ సిగ్గే యామెను ఎక్కువ బాధించినదని నా నమ్మిక. ఆమె మెట్టినది బీదరు జిల్లా; పండ్రెండవ శతాబ్దిన బసవేశ్వరుడు బిజ్జలరాజు కొలువున నుండి, శరణులనబడు శివభక్తులను కూడగట్టిన కల్యాణము, నేటి బసవకల్యాణము, ఆ జిల్లాలోనిదే. జాతాశౌచము, మృతాశౌచము, రజస్సు, ఎంగిలి, కులము అను నైదు సూతకములను శరణులు త్రోసివేసిరి. లింగము ధరించిన దేహమునకు పురుటిమైల లేదనిరి. ఆ బసవని కథను తరువాతి శతాబ్దిన తెలుగున బాడినవాడు మన పాలకురికి సోమనాథుడు. పురిటిలోని నెత్తురును, ఎంగిలిని మైల గాదన్న మతము పుట్టిన నేలపై, ప్రసవబల్లపై గ్రక్కిన తల్లి తల వంచుకొనవలసిన పని లేదు. బుద్ధదేవుడు, అతిసారముతో తన మలమందే పడియున్న భిక్షువును జూచి, ఆనందుని తోడుచేసికొని స్వహస్తములతో కడిగి, మంచముపై నుంచి, తనకు సేవ చేయదలచినవారు రోగికి సేవ చేయుడని చెప్పిన కథ వినయపిటకమున గలదు. ఈ మహనీయు లెవ్వరును దేహపు తడిని జూచి ముఖము ద్రిప్పుకొనలేదు. పళ్లెమును కసరక పట్టి, తడిగుడ్డతో మూతి తుడిచి, "ఏం కాలేదమ్మా" యను నర్సు ఆ పరంపరలోనిది.

ఈ చిన్నబాధ ఎందఱికి సంబంధించినదో యోచించిన, దీనిని చిన్నదన నాలుక రాదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు, కర్ణాటకమున 31.5, దేశమంతట 21.5 శస్త్రమూలముననే జరిగినట్లు తేలినది. ఇన్ని కోతలు అవసరమా యనుట వేఱు విచారము. అవసరములేని కోతను మానుటకన్న గొప్ప నివారణ మఱి లేదని మాత్రము చెప్పి విడుతును. కోత తప్పనిచోట బెక్కుమందికి వెన్నుమత్తే. రోగి మెలకువతో నుండును, బిడ్డ తొలియేడ్పును వినును. ఊపిరితిత్తులలోనికి కడుపురసము పోవు భయమును తక్కువ. ఆ మెలకువ యొక వరము. వరము నిచ్చి, దానిని అనుభవింప దగిన నిమిషముననే తల్లి ముఖమును పళ్లెమువైపు ద్రిప్పువాడు వరమును సగమే యిచ్చుచున్నాడు.

మూడేండ్లకు మేనకోడలు రెండవ కాన్పునకు వచ్చెను. ఈసారి వేఱొక యాసుపత్రి. ముందునాటి సాయంత్రము మత్తు డాక్టరమ్మ మంచముకడకు వచ్చి, పోయిన కాన్పున నేమైనదని యడిగి, విని, "బస్సెక్కితే వాంతులవుతాయా?" అని ప్రశ్నించెను. "చింతకి నుంచి నారాయణఖేడుకు పోయేలోపట రెండుసార్లు కిటికిల తలవెట్టుడే అమ్మా" యని మేనకోడలు. ఆ ప్రశ్న యెంత విలువైనదో నాకు పిమ్మట దెలిసినది. 1999లో ఆప్ఫెల్ అను జర్మనువైద్యుడు, పూర్తిమత్తు పొందువారికి శస్త్రానంతర వాంతిని ముందే యూహించుటకై నాలుగు గుఱుతులు చెప్పెను: స్త్రీ యగుట, పొగ త్రాగకుండుట, ప్రయాణపు వాంతియో మునుపటి శస్త్రవాంతియో యుండుట, మార్ఫిన్ జాతి మందు పొందుట. నాలుగు నున్నవారిలో నూటికి ఇంచుమించు ఎనుబదిమందికి వికారమో వాంతియో కలుగును. వెన్నుమత్తునకు ఆ లెక్క సరిగా నమరకున్నను, మన పల్లెటూరి తల్లికి మొదటి రెండును దాదాపు ఎప్పుడును నుండును, మూడవది బస్సు చెప్పును. కన్నువంటి వైద్యురాలు ఆ బస్సును గూర్చి యడిగినది.

మఱునాడు మెత్త నుంచిరి, చుక్కలమందు మొదటినుండియే పెట్టిరి, వాంతిమందులు రెండు ముందే యిచ్చిరి. సుఖమంతయు గలిగెనని చెప్పజాలను. బిడ్డను దీసిన కొంతసేపటికి ఒకసారి కడుపున దిప్పెనట, చెప్పగనే డాక్టరమ్మ చేయిపట్టుకొని, సెలైను పెంచి, నాలుగుసార్లు ఊపిరి గట్టిగా దీయించెను, అణగినది. సాయంత్రము ముక్కును, బుగ్గలును దురదపుట్టి రాత్రియంతయు గోకుకొనుచునే యుండెను. కాని ఆడబిడ్డను ముఖముకడకు దెచ్చినప్పుడు ఈమె ముఖ మటే యుండెను. "కండ్లు దెరిసి నన్నే జూసింది మామా, ఎడమచెవి మడతవడి ఉండె" అని, మూడేండ్ల క్రితపు మాటకంటె మెల్లగా జెప్పెను. బిడ్డ చెవి ఆ తర్వాత తిన్నగా నైనది. ఆమె మాత్రము ఇప్పటికిని ఆ చెవిని వ్రేలితో నిమురును.

పోయిన యేడు చింతకికి బోయితిని. పొరుగింటి కోడలు నిండునెలలతో అరుగుపై కూర్చుండియుండెను. మఱునాడు పట్టణమునకు ప్రయాణమట, పెద్దాపరేషన్ అని ముందే చెప్పిరట. నా మేనకోడలు చంకన పిల్ల నెత్తుకొని గడపలో నిలువబడి, ఆ పొరుగింటి కోడలికి సంచి సర్దుటను గూర్చి, నెయ్యిసీసాను గూర్చి చాలసేపు చెప్పి, లోనికి మరలబోవుచు మరల వెనుదిరిగి, "గిదొక్కటి యాదిల వెట్టుకో. నీకు బస్సుల వాంతులైతయని వాళ్లు అడగకున్నా నువ్వే జెప్పు. సూది ఇయ్యకముందే జెప్పు" అనెను. ప్రక్కన బియ్యము చెఱుగుచున్న వియ్యపురాలు చేట నాపి, "జెప్పు బిడ్డా, సిగ్గువడకు" అనెను.